పదమూడో గుడ్లగూబ

తామ్వే, యాంగోన్
2020 డిసెంబరు 22, మంగళవారం

యానాంలో ఉన్న భాగ్యవతికి,

దేవి రాస్తున్న ఉత్తరం. నేను క్షేమంగా ఉన్నాను. నువ్వెలా ఉన్నావో తెలుసుకునే దారి నాకు లేదు కాబట్టి ముందుగా అదే అడుగుతున్నాను. అమ్మగారికీ, బలరాం అన్నయ్యకీ నా నమస్కారాలు చెప్పు. చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యి. నమస్కారం పాడైపోయే సరుకు కాదు.

కాగితం మీద ఎందుకంటే, నువ్వు నా నంబరు బ్లాక్ చేసి రెండున్నరేళ్ళయింది. నవంబరులో ఇంకొకరి ఫోను నుంచి చేస్తే ఎత్తావు. నా గొంతు గుర్తుపట్టి పెట్టేశావు. పదకొండు సెకన్లు. ఉత్తరాన్ని బ్లాక్ చెయ్యలేవు, చింపగలవు. చింపేలోపు రెండు పేరాలైనా చదువుతావని నా లెక్క.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. పుదుచ్చేరిలో ఫ్రెంచి చదువుకుంటూ మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. నా ల్యాప్‌టాప్ మీదే ఇద్దరం బర్మాలో ఈ ఫ్రెంచి స్కూలు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాం. నాకు వచ్చింది. నువ్వు మీ అక్క పెళ్ళికని యానాం వెళ్ళి నెలన్నర ఉండి వచ్చేసరికి గదిలో నా మంచం ఖాళీ. ఒక్క మాట చెప్పకుండా విమానం ఎక్కేశాను. అది తప్పు. ఈ ఉత్తరంలో నేను అడిగేది ఒక్కటే: నా నంబరు తెరువు. తరవాత ఎంత తిట్టినా వింటాను.

ఇక వార్తలు. చాలా ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు!

నా క్లాసులో పన్నెండుమంది పిల్లలు. అందరూ ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళే, కానీ ఫ్రాన్సు వాళ్ళు ఐదుగురే. మిగతావాళ్ళ అమ్మానాన్నలు స్విట్జర్లాండు, కాంగో, కంబోడియాల నుంచి వచ్చినవాళ్ళు. కరోనా వల్ల ఆగస్టు నుంచి స్కూలు మూసి ఉంది. ఎనిమిదిన్నరకి ఫోను తెరిస్తే పన్నెండు గళ్ళలో పన్నెండు మొహాలు. అందరికన్నా చిన్నది ఓడీల్, ఆరేళ్ళది. సగం రోజు దాని నుదురు మాత్రమే కనిపిస్తుంది.

నేనుండేది తులసమ్మ పిన్ని ఇంట్లో, రెండో అంతస్తు. వాళ్ళ తాత కళింగపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో ఓడల సరుకు దించాడు. పిన్ని పుట్టింది పెరిగింది ఇక్కడే. శ్రీకాకుళం ఎప్పుడూ చూడలేదు, మాట మాత్రం అక్కడిదే. నన్ను సయామా అని పిలుస్తుంది. బర్మా భాషలో టీచరమ్మని అలా అంటారు. ఆవిడ తమ్ముడు జోగి మావయ్యకి ఈ పేటలోనే ఒక బేకరీలో పని. మనవరాలు అమ్ములుకి తొమ్మిదేళ్ళు. నా క్లాసు జరుగుతుంటే తలుపు పక్కన చతికిలబడి కూర్చుని, ఫోనులోని పిల్లల కన్నా ముందు జవాబు చెప్పేస్తుంది.

చలికాలం సెలవులు మొన్న శనివారం మొదలయ్యాయి. పొద్దున్న పద్దెనిమిది డిగ్రీలు. జోగి మావయ్య మంకీ క్యాపు తీయడం లేదు. స్విట్జర్లాండులో వాళ్ళ తాతగారింటి ముందు మంచు నడుముదాకా ఉంటుందని ఓడీల్ చివరి రోజు క్లాసులో చెప్పింది. అమ్ములు అంతా విని, నా వైపు తిరిగి, “అంత ఐసు ఎవులు పారబోసారు సయామా?” అని అడిగింది. ఫ్రెంచిలో విన్నది, తెలుగులో అడిగింది. ఎవరూ నేర్పలేదు!

జనవరి 6, ఫ్రెంచివాళ్ళ రాజుల పండగ గుర్తుందా? పుదుచ్చేరిలో మన మాస్టారు ఏటా ఆ రోజు కేకులో ఒక బఠాణీ గింజ దాచి ముక్కలు కోసేవారు. గింజ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఆ రోజుకి రాజు, కాగితం కిరీటం. మూడేళ్ళు, మూడుసార్లూ నీకే వచ్చింది. మూడోసారి కిరీటం నేనే నీ తలమీద పెట్టాను. కాస్త గట్టిగానే నొక్కాను. నువ్వు గమనించలేదు.

ఈసారి ఆ పండగ ఇక్కడ నేను చేస్తున్నాను. పిల్లలు నాలుగు నెలలుగా ఒకరినొకరు చూసుకోలేదు. పన్నెండు ఇళ్ళకి పన్నెండు కేకులు పంపుతాను, ఒక్కదాంట్లోనే, గింజకి బదులు, చిన్న మట్టి బొమ్మ. ఆచారం ప్రకారం అందరికన్నా చిన్నపిల్ల బల్ల కింద దూరి, ఏ ముక్క ఎవరికో అక్కడి నుంచి చెబుతుంది, మోసానికి వీల్లేకుండా. ఐదో తారీకున ఓడీల్ వాళ్ళింట్లో బల్ల కింద ఫోను పట్టుకుని కూర్చుంటుంది. కేకు పెట్టె నంబరు నేను చెబుతాను, పేరు అది చెబుతుంది. మర్నాడు పంచుతాం, పదింటికి అందరూ ఒకేసారి కోస్తారు.

బొమ్మ కోసం నిన్న ట్వంటే అనే కుండల ఊరికి వెళ్ళొచ్చాను! రోడ్ల మీద ఆంక్షలున్నాయి కానీ రొట్టెల వ్యానుకి అనుమతి ఉంది. జోగి మావయ్య పక్కన కూర్చుని వెళ్ళాను. కాలవ, పడవలు, కోసిన వరిచేలు. నేను మా పేట తామ్వే దాటడం నాలుగు నెలల్లో అదే మొదటిసారి. అక్కడ ఊ చిట్ అనే ఆయన పెద్ద పెద్ద నీళ్ళ కుండలు చేస్తాడు. నాకు గోరంత బొమ్మ ఒక్కటి కావాలంటే నవ్వాడు. ఒక్కదాని కోసం బట్టీ వెయ్యడట. డజను చేస్తాడట, దారిలో విరుగుతుందేమోనని పైన ఒకటి. ఏం బొమ్మ అన్నాడు. రాజు అన్నాను. రాజులని చెయ్యడట, గుడ్లగూబని చేస్తాడట.

వెంటనే నువ్వు గుర్తొచ్చావు. గది కిటికీ మీద గుడ్లగూబ వాలిందని వారం రోజులు నా మంచం మీద పడుకున్నావు, ఇరుకులో ఇద్దరం. నేనూ వద్దన్నాను. జోగి మావయ్య ఊరుకోలేదు. “ఈ దేశంలో గుడ్లగూబంటే లచ్చిందేవి సయామా, ఇంటింటా ఎట్టుకుంతారు. మీ దేశం బయాలు మీ దేశంలో ఉంచీ” అన్నాడు. పదమూడు గుడ్లగూబలు ఆరుతున్నాయి. వారంలో కాల్చి ఇస్తాడు.

నంబరు తెరుస్తావని ఎదురుచూస్తూ,
దేవి


తామ్వే, యాంగోన్
2021 జనవరి 7, గురువారం

భాగ్యవతికి,

నేను క్షేమం, ఇంట్లోవాళ్ళు క్షేమం, గుడ్లగూబలు పదమూడూ క్షేమం. ఒక్కటి కూడా విరగలేదు. నా మొదటి ఉత్తరం జనవరి 2న నీ సంతకంతో అందిందని కొరియర్ వాళ్ళు చెప్పారు. చదివావో లేదో సంతకాన్ని బట్టి తెలియదు. నంబరు మాత్రం ఇంకా మూసే ఉంది. ఇవాళ పొద్దున్న కూడా చూశాను.

నిన్నటి సంగతి రాయకపోతే నాకు కుదురుండదు.

కేకులు జోగి మావయ్య చేశాడు. పొరలు పొరలుగా రావాలి ఎలా అని నేను దిగులు పడుతుంటే, “ఎగ్ పఫ్ పిండే కదేటి, రోజూ మున్నూరు సేస్తన్నాను” అన్నాడు. బాదం పప్పు దొరకలేదు, లోపల జీడిపప్పు పొడి. ఐదో తారీకు ఓడీల్ బల్ల కింద కూర్చుని పన్నెండు పేర్లు చెప్పింది. మధ్యలో దానికి అక్కడ పాత బిస్కట్టు ముక్క దొరికింది, అది తినేదాకా ఆగాం. ఆ సాయంత్రం గుడ్లగూబల డబ్బా తులసమ్మ పిన్ని చేతికిచ్చి, ఒక కేకులో ఒకటి పెట్టమని, ఏ కేకో నాకు కూడా చెప్పొద్దని బేకరీకి పంపాను. ఎక్కడుందో నాకే తెలియకూడదు, అదీ నా నియమం.

నిన్న ఆరింటికి వ్యాను బయల్దేరింది. ఇక్కడ పై అంతస్తుల వాళ్ళు వీధిలోకి తాళ్ళు వేలాడదీస్తారు, చివర క్లిప్పు, పైన గంట. పేపరైనా కూరలైనా క్లిప్పుకి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, వాళ్ళు పైకి లాక్కుంటారు. లత అనే పేటలో మా క్లాసు బజీల్ వాళ్ళది ఆరో అంతస్తు. వాడికి పదేళ్ళు, నియమాల మనిషి. కేకు నాలుగో అంతస్తు దగ్గర ఎవరి బట్టల దండానికో చిక్కుకుంది. వీధి వీధంతా తలెత్తి సలహాలు చెప్పింది. కో జోగీ ఎడమకి, కో జోగీ కుడికి! కో అంటే ఇక్కడ అన్న. మొత్తానికి పైకి చేరింది.

పదింటికి పన్నెండు కత్తులు ఒకేసారి దిగాయి. తనకే వచ్చిందని మొదట ఓడీల్ అరిచింది. నేను చప్పట్లు కొట్టాను. చప్పట్లు ఆగకుండానే లత పేట నుంచి బజీల్ అరిచాడు. తరవాత ఇంకో ముగ్గురు. తరవాత నాకు లెక్క తప్పింది. పన్నెండు గళ్ళలో పన్నెండు గుడ్లగూబలు! ఒక నిమిషం పాటు ఎవరి మాటా వినపడలేదు. చూడ్డానికొచ్చిన మా హెడ్‌మిస్ట్రెస్ తన గడిలో కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది, నవ్వి నవ్వి. బజీల్ మాత్రం ఏడుపు మొహం పెట్టి, అందరూ రాజులైతే మరి రాజెవరని నన్ను నిలదీశాడు. బల్ల కింద అంతసేపు కూర్చున్నది తనే కాబట్టి తనే పెద్ద రాజునని ఓడీల్ తేల్చేసింది.

నేను పిన్ని దగ్గరికి వెళ్ళి, ఒక్కదాంట్లో పెట్టమన్నాను కదా అన్నాను. ఆవిడ చేపలు కడుగుతూ తలైనా ఎత్తలేదు. “ఒక్క పిల్ల నవ్వుతంటే పదకొండుమంది మొకాలు సూసుకుంతారేటి? పెసాదం ఒక్కలికెట్టి ఊరుకుంతామా?” అంది. అది ఆట పిన్నీ, ఒక్కరికే రావాలి, అదే అందులో ఉన్నది అన్నాను. “అయితే ఆటే తప్పు” అంది. అని, ఆ పదమూడోది పనికొస్తాదేమో అని బియ్యం డబ్బాలో పడేసింది.

ఆటలో తప్పేమిటో ఆ చేపలు ఉడికేదాకా వెతికాను. ఇంకా వెతుకుతున్నాను.

దేవి


తామ్వే, యాంగోన్
2021 మార్చి 20, శనివారం

ప్రియమైన భాగ్యానికి,

ఈ ఉత్తరం నీ చేతికిచ్చే ఆయన కన్నారావు గారు. కాకినాడ మనిషి, ఇక్కడి రేవులో పనిచేశారు. మంగళవారం ప్రత్యేక విమానంలో ఇంటికి వస్తున్నారు, శుక్రవారానికి యానాం వస్తానన్నారు. కాఫీ ఇవ్వు. ఇక్కడి సంగతులు ఎక్కువ అడక్కు, ఆయనకి చెప్పడం కష్టం. నేను క్షేమం. అది నిజం, కావాలంటే ఆయన్ని అదొక్కటి అడుగు.

ఫిబ్రవరి 1 పొద్దున్న లేచేసరికి ఫోన్లు పనిచెయ్యలేదు. సైన్యం ప్రభుత్వాన్ని తీసేసిందని జోగి మావయ్య బేకరీ నుంచి పరుగెత్తుకొచ్చి చెప్పాడు. జనం బియ్యం కోసం వరసలు కట్టారు. మధ్యాహ్నం నెట్ వచ్చింది. వచ్చిన మొదటి మెసేజ్ నీది. “బతికున్నావా?” అంతే. ఇంట్లో అందరూ ఏడుస్తుంటే నేను వంటింట్లో నిలబడి నవ్వాను. పిన్ని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఉన్నాను అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. తరవాత నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. నేను రాయకపోవడానికి కారణం ఈ ఉత్తరంలోనే ఉంటుంది.

రోజూ రాత్రి ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలు కొడుతుంది. ఇంట్లో చొరబడ్డ చెడుని చప్పుడు చేసి తరిమెయ్యడం ఇక్కడి పాత ఆచారం. పిన్ని మొదటి రెండు రోజులు సత్తు మూత కొట్టింది. మూడో రోజు వాళ్ళ మామ్మ ఓడలో తెచ్చుకున్న ఇత్తడి బిందె దించింది. సొట్ట పడుతుంది పిన్నీ అంటే, “పడనీ, ఇంకెందుకున్నాది?” అంది. అబ్బ, ఆ మోత! మా వీధికి దాని పేరే పడింది, డా తులసి గంట అని, అంటే తులసమ్మగారి గంట.

ఫిబ్రవరి 22న సమ్మె. దుకాణాలన్నీ మూశారు. ఎంతమంది నడిచారో నేను చెప్పలేను. మేడ మీద నుంచి మూడు గంటలు చూశాను, రోడ్డు ఖాళీగా కనపడలేదు. జోగి మావయ్య ఆరువందల బన్నులు తీసుకెళ్ళి పంచితే ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. మార్చి 8న ఆడవాళ్ళు తమ లుంగీలు వీధికి అడ్డంగా తాళ్ళ మీద ఆరేశారు. ఆడవాళ్ళు కట్టిన లుంగీ కింద నుంచి నడిస్తే మగవాడి బలం పోతుందని ఇక్కడి నమ్మకం, సిపాయిలకి ఇంకా ఎక్కువ. పిన్ని తన పాత చీర తెచ్చింది. చీరకి ఆ గుణం ఉందో లేదోనని పక్కింటావిడ అనుమానపడింది. “మా కోకకేటి తక్కువ?” అని పిన్ని గొడవ. చివరికి లుంగీల మధ్య ఎర్రంచు చీర వేలాడింది, ఆరు గజాలు. సిపాయిలు వచ్చి, ఆగి, కర్రతో దాన్ని కూడా తీయించాకే ముందుకెళ్ళారు. ఆ రోజంతా పిన్ని కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇవి రాసి మిగతాది రాయకపోతే నీకు అబద్ధం చెప్పినట్టు. కాల్పులు జరుగుతున్నాయి. మా వెనక వీధిలో మెకానిక్ ఒకాయన పద్నాలుగో తారీకు పొద్దున్న ఇంట్లోంచి వెళ్ళాడు. ఇంకా రాలేదు. వాళ్ళావిడ రోజూ రెండుసార్లు మేడ ఎక్కి చూస్తుంది.

నా పిల్లల్లో తొమ్మిదిమంది దేశం దాటారు. ఇప్పుడు పన్నెండుమందీ ఐదు ఊళ్ళలో ఉన్నారు, ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క టైము. కానీ ఒకటి విను. ఎవరికి వాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, గుడ్లగూబని వెంట తీసుకెళ్ళారు! బజీల్ రెండు చొక్కాలు వదిలేసి దాన్ని జేబులో పెట్టుకున్నాడట. నేను హాజరు పిలిస్తే నోటితో పలకరు, గుడ్లగూబని కెమెరా ముందు పెడతారు. పన్నెండు గుడ్లగూబలు కనిపిస్తే పన్నెండుమందీ ఉన్నట్టు. ఓడీల్ నుదురు ఇప్పటికీ సగమే కనిపిస్తుంది, గుడ్లగూబ మాత్రం నిండుగా.

పదిహేనో తారీకున మొబైల్ నెట్ పూర్తిగా ఆపేశారు. మా ఇంటికి కేబుల్ లైను లేదు. కేబుల్ ఉన్న స్కూలుకి వెళ్ళాలంటే దారిలో ఐదు చోట్ల ఇసుక బస్తాల అడ్డుగోడలు. పిన్ని గుమ్మం దాటనివ్వదు. ఐదు రోజులుగా నా పిల్లలకి టీచరు లేదు. ఫోనులో మాట్లాడుకోవడానికి మాత్రం వీలుంది కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ చేసింది. నెట్ ఉన్న ఊళ్ళో కూర్చుని, ఈ సంవత్సరమే కాదు, వచ్చే సంవత్సరం కూడా చెప్పగలిగే మనిషి కావాలంది. నీ పేరు చెప్పాను. 29వ తేదీ సోమవారం, మీ టైము ఉదయం పదింటికి నీకు వీడియో కాల్ వస్తుంది. కాదనకు భాగ్యం. నేను అడిగేది ఇప్పుడు అదొక్కటే.

నేను రావడం లేదు. విమానం జాబితాలోంచి నా పేరు తీయించేశాను. ఇక్కడి బడులు ఏడాదిగా లేవు, అందుకని ముందు గదిలో పాఠాలు మొదలుపెట్టాను. ఐదుగురికి మించి గుమిగూడకూడదని ఉత్తర్వు. నలుగురు పిల్లలు, నేను, ఐదుగురం, సరిపోయింది! అలా మూడు విడతలు. లెక్కలు, ఇంగ్లీషు, కాస్త తెలుగు, అమ్ములు పట్టుబట్టడం వల్ల కాస్త ఫ్రెంచి. నిన్న అది ఇరవైదాకా లెక్కపెట్టింది, పదిహేడు మింగేసి. నా బర్మా భాషని వాళ్ళు దిద్దుతారు. పుదుచ్చేరిలో నువ్వు పాఠం చెబుతుంటే చూసి నేను కుళ్ళుకునేదాన్ని చూడు, అలా చెబుతున్నాను ఇప్పుడు.

నీ
దేవి

తా.క. 2018 మే 9న ఈ స్కూలు మొదటి మెయిల్ పంపింది నాకు కాదు, నీకు. ఉద్యోగం నీదని, ఐదు రోజుల్లో ఒప్పుకోవాలని. నువ్వు పెళ్ళిపనుల్లో ఉన్నావు. నీ మెయిల్ నా ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంది. చదివాను. చెరిపేశాను. చెరిపినవి చేరే చోట నుంచి కూడా తీసేశాను. ఆరో రోజు నాకు వచ్చింది. చెప్పకుండా వెళ్ళిపోయానని నువ్వు కోప్పడ్డావు. నీకు తెలిసిన తప్పు చిన్నది. నాలుగోసారి కూడా గింజ నీకే వచ్చింది భాగ్యం, నేను తీసేసుకున్నాను.

హెడ్‌మిస్ట్రెస్‌కి బుధవారం ఇది చెప్పాను. ఆవిడ తన పాత మెయిళ్ళు వెతికి, తేదీ పైకి చదివింది. సోమవారం నిన్ను పరీక్షించదు. క్షమించమని అడిగి, తరవాత ఉద్యోగం గురించి అడుగుతుంది. పిన్నికి కూడా చెప్పాను. “ఒక్కటే ఉన్నాదని ఎవులు సెప్పారు నీకు?” అంది, అంతే, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చింది.

కవరు అడుగున దూదిలో ఉన్నది అదే, పదమూడోది. భయపడకు, గోరంతే ఉంది. నా నంబరు మళ్ళీ మూసెయ్యి, న్యాయమే. సోమవారం పదింటికి మాత్రం ఫోను తెరువు. కిటికీ నీ వెనక కాకుండా ఎదురుగా ఉండాలి, లేకపోతే మొహం కనిపించదు. నువ్వు ఒప్పుకుంటే, మొదటి క్లాసులోనే కొత్త టీచరు ఎవరని ఓడీల్ అడుగుతుంది. పేరు చెప్పేముందు గుడ్లగూబని చూపించు. వాళ్ళు హాజరు వేసేది అలాగే.